లోడరు అమర్చిన పాత ట్రాక్టరును కొనువారు పరీక్షింపవలసిన సంగతులు

మన రైతు ఎడ్లజతను కొనుటకు సంతకు పోయినప్పుడు ఎంతటి జాగ్రత్త చూపునో అందరికిని తెలిసినదే. పండ్లు లెక్కించును, సుళ్ళు చూచును, గిట్టలు తట్టి చూచును, కాడి కట్టి నడిపించి, మూపుమీద పుండుగాని వాపుగాని యున్నదేమో తడిమి చూచును. అట్టి రైతే లక్షల రూపాయలు పెట్టి పాత ట్రాక్టరును కొనబోయినప్పుడు మాత్రము కొత్త రంగును చూచి మురిసి, ఇంజను ఒక్కసారి మ్రోగగనే బయానా ఇచ్చి వచ్చుచున్నాడు. గేదె నీళ్ళలో నుండగా బేరమాడుట యన నిదియే.

పశువుల పెంట బండికెత్తుటకు, చెరువుమట్టి పొలమునకు తోలుటకు, గట్లు సరిచేయుటకు మనుష్యులు దొరకుట కష్టమైన యీ దినములలో, ముందువైపున లోడరు అమర్చిన ట్రాక్టరుపై రైతులకు మోజు కలుగుట సహజము. కొత్తదానిని కొన శక్తి చాలనివారు పాతదానిని వెదకుటలో తప్పులేదు. చక్కగా కాపాడబడిన పాత ట్రాక్టరు ఇంకను అనేక సంవత్సరములు పనిచేయగలదు. అయితే లోడరుతో పనిచేసిన ట్రాక్టరును, దుక్కి మాత్రమే దున్నిన ట్రాక్టరును ఒకే విధముగా పరీక్షింపరాదు. దీనికి కారణమును ముందుగా గ్రహింపవలయును.

లోడరు వలన ట్రాక్టరునకు కలుగు శ్రమ

మన గ్రామములలో తిరుగు 35, 40 గుఱ్ఱపు బలముల ట్రాక్టర్లలో పెక్కింటి నిర్మాణము, హ్యారీ ఫెర్గూసన్ అను ఐర్లండు దేశీయుడు కనిపెట్టిన మూడు చేతుల లిఫ్టు పద్ధతి ననుసరించినది. 1946లో ఇంగ్లండులోని కవెంట్రీలో తయారగుట మొదలైన ఫెర్గూసన్ ట్రాక్టరును, దాని తరువాత వచ్చిన మాసీ ఫెర్గూసన్ 35ను ఈ పద్ధతికి ప్రసిద్ధమైన నిదర్శనములు. మదరాసులో 1960లో స్థాపింపబడిన టాఫే కంపెనీ మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లను మన దేశమున తయారు చేసినది. ఈ తరగతి యంత్రములలో పని యంతయు వెనుకవైపున జరుగును. నాగలి వెనుక, గొఱ్ఱు వెనుక, బండియు వెనుక. బరువు వెనుక చక్రములపై పడి పట్టు కలిగించుటయే దీని కిటుకు. ముందు ఇరుసు త్రోవ త్రిప్పుటకును, ముందు భాగపు బరువు మోయుటకును సరిపడునంత బలముతో మాత్రమే చేయబడినది.

అట్టి ట్రాక్టరునకు ముందు లోడరు తగిలించినప్పుడు లెక్క తలక్రిందులగును. ఒక ఉదాహరణము చూతము. ముందు, వెనుక ఇరుసుల నడుమ దూరము 1.9 మీటరు అనుకొందము. బకెట్టులోని మట్టి 500 కిలోలు, అది ముందు ఇరుసునకు 1.6 మీటరు ముందుగా వ్రేలాడుచున్నదనుకొందము. అప్పుడు ముందు ఇరుసుపై అదనముగా పడు భారము 500 కిలోలు కాదు. సుమారు 920 కిలోలు. మిగిలిన 420 కిలోలు ఎక్కడివి? వెనుక చక్రముల మీదనుండి తేలిపోయినవి. త్రాసుకఱ్ఱ ఒక కొనను క్రిందికి నొక్కినచో రెండవ కొన పైకి లేచుట వంటిదే ఇది. ముందు ఇరుసు నలుగును. వెనుక చక్రములు పట్టు తప్పును. బ్రేకులు సాధారణముగా వెనుక చక్రములకే యుండుటచే పల్లములో ట్రాక్టరు ఆగదు.

ఇదిగాక, లోడరు పనిలో బండి ముందుకు వెనుకకు దినమునకు వందలసార్లు పోవలసి యుండును. ప్రతిసారియు క్లచ్చి త్రొక్కవలయును, గేరు మార్చవలయును, బరువుతో నిలిచిన చక్రములను త్రిప్పవలయును. కావున క్లచ్చి, వెనుకనడక గేరు, స్టీరింగు, ముందు ఇరుసు, ముందు టైర్లు, ఈ అయిదును అన్నిటికంటె ముందుగా అరుగును. పరీక్షించువాని దృష్టి మొదట వీనిపై నుండవలయును.

పూర్వచరిత్రము విచారించుట

ట్రాక్టరు ఎవరిది, ఎక్కడ, ఏ పని చేసినది అని ముందు విచారింపుడు. అమ్మువానిని మాత్రమే గాక, ఆ ఊరి డ్రైవర్లను, మరమ్మతు చేసిన మేస్త్రీని కూడ అడుగుడు. వరి మాగాణులలో కేజివీళ్ళు తగిలించి దమ్ము చేసిన ట్రాక్టరునకు బురదనీరు వెనుక ఇరుసుల సీళ్ళు దాటి బ్రేకులలోనికిని బేరింగులలోనికిని పోవు ప్రమాదము కలదు. ఇసుక తోలకమునందు, ఇటుక బట్టీలయందు పనిచేసినది దుమ్మును పీల్చియుండును. అధిక భారమును లాగి యుండును. మెట్ట పొలములలో ఒకే యజమాని చేతిక్రింద పనిచేసినది కొంత మేలు.

గంటల మీటరును మాత్రమే నమ్మరాదు. పాత ట్రాక్టర్లలో ఆ మీటరు ఇంజను వేగము ననుసరించి తిరుగును. ఇంజను నిర్ణీత వేగమున తిరిగినప్పుడే గడియారపు గంటకు మీటరులో గంట నమోదగును. మెల్లగా తిరిగినప్పుడు తక్కువ నమోదగును. లోడరు పనిలో ఇంజను తఱచు మెల్లగా తిరుగుచుండును గనుక, మీటరు చూపినదానికంటె ఎక్కువ కాలమే పనిచేసి యుండవచ్చును. తీగ తెగి మీటరు ఆగిపోయిన బండ్లును గలవు. క్లచ్చి, బ్రేకు పెడళ్ళు నునుపెక్కుట, స్టీరింగు చక్రము అరుగుట, లిఫ్టు చేతుల రంధ్రములు కోడిగ్రుడ్డు ఆకారము పొందుట, ఇవి మీటరుకంటె నమ్మదగిన సాక్షులు.

ఇంజను

తెల్లవారుజామున పోవుట మంచిది. పోగానే ఇంజనుపై చేయి వేసి చూడుడు. వెచ్చగా నున్నచో మీరు రాకముందే స్టార్టు చేసిరని అర్థము. చల్లారిన పిమ్మట మరల వచ్చెదమని చెప్పుడు. చల్లని ఇంజను స్టార్టగు తీరే దాని ఆరోగ్యమును తెలుపును.

స్టార్టు చేయకముందు ఆయిలు పుల్ల తీసి చూడుడు. ఆయిలు పాలు కలిపిన కాఫీ రంగున నున్నచో నీరు కలిసినదని తెలిసికొనవలయును. రేడియేటరు మూత తీసి నీటిపై జిడ్డు తేలుచున్నదేమో చూడుడు. మూతను చల్లగా నున్నప్పుడే తీయవలయును. వేడి మీద తీసినచో కాగిన నీరు ఎగజిమ్మి ముఖము కాలును. ఎయిర్ క్లీనరు తొట్టిలో ఆయిలు లేకుండ, లేదా దుమ్ము గడ్డకట్టి యున్నచో, ఆ ఇంజను ఎంతకాలము దుమ్ము త్రాగినదో ఊహించుకొనవచ్చును.

పొగను గమనింపుడు. స్టార్టు చేయగనే కొంచెము పొగ వచ్చి తగ్గుట సహజము. బరువు పడినప్పుడు మితిమీరి నల్లపొగ వచ్చినచో గాలి చాలకపోవుటయో, ఇంజెక్టర్ల దోషమో యగును, ఇది బాగుచేయదగినది. నీలిపొగ వదలక వచ్చుచున్నచో ఇంజను ఆయిలును కాల్చుచున్నది. రింగులు, లైనర్లు అరిగినవని అనుమానింపవలయును. వేడెక్కినను తెల్లపొగ తగ్గనిచో కంప్రెషను లోపముగాని, సిలిండరులోనికి నీరు దిగుటగాని కారణము కావచ్చును. ఆయిలు పోయు మూత తీసి చూచినప్పుడు లోపలినుండి గాలి బుసబుస పొంగి వచ్చినచో, ఇంజను విప్పి పని చేయింపక తప్పదు. అరగంట నడిపిన తరువాత, వేడి మీద మెల్లగా తిరుగునప్పుడు ఆయిలు ప్రెషరు ఎంత నిలుచుచున్నదో కూడ చూడవలయును.

క్లచ్చి, గేర్లు, బ్రేకులు

క్లచ్చి పెడలు పూర్తిగా త్రొక్కి వెనుకనడక గేరు వేయుడు. గరగర మ్రోగకుండ పడవలయును. ప్రతి గేరులోను ముందుకును వెనుకకును నడుపుడు. బరువు పడగనే గేరు తనంత తాను జారిపోవుచున్నచో లోపలి పండ్లు అరిగినవి. తరువాత బండికి బరువు తగిలించి మిట్ట యెక్కించుడు. ఇంజను వేగము పెరిగినను బండి ముందుకు సాగనిచో క్లచ్చి జారుచున్నది. క్లచ్చి ప్లేటు మార్చుటకు ట్రాక్టరును నడుమ విడదీయవలసి యుండును. లోడరు చట్రము కూడ ఊడదీయవలసి వచ్చునేమో అడిగి తెలిసికొనుడు. కూలి దానికనుగుణముగ పెరుగును.

ఒక్క క్లచ్చి మాత్రమే గల పాత ట్రాక్టర్లలో, లిఫ్టు పంపు లోపలి షాఫ్టుచే తిరుగునదైనచో, క్లచ్చి త్రొక్కగనే పంపు కూడ ఆగిపోవును. అట్టి పంపుతోనే లోడరును నడుపుచున్నచో, బండి నాపిన ప్రతిసారియు బకెట్టు లేవదు. ఇంజను ముందు భాగముననుండి వేరు పంపుతో నడుచు లోడరు ఈ చిక్కు లేనిది. ఏది యున్నదో అడుగుటకంటె, క్లచ్చి త్రొక్కి బకెట్టు నెత్తించి చూచుట మేలు.

బ్రేకు పెడళ్ళు రెండింటిని విడివిడిగా త్రొక్కి చూడుడు. ఏ చక్రమునకాచక్రము పట్టవలయును. రెండును కొక్కెముతో కలిపి త్రొక్కినప్పుడు బండి ఒక ప్రక్కకు లాగరాదు. రోడ్డుమీద ఒక ప్రక్క మాత్రమే బ్రేకు పట్టిన ట్రాక్టరు తిరుగబడును.

ముందు ఇరుసు, స్టీరింగు

ముందు భాగమును జాకీతో ఎత్తి, క్రింద గట్టి దిమ్మలు పెట్టి నిలుపుడు. చక్రమును పైన, క్రింద పట్టుకొని ఊపుడు. కదలిక కనబడినచో బేరింగులుగాని, కింగుపిన్నులుగాని అరిగినవి. ఇరుసును నడుమ పట్టి నిలుపు సెంటరు పిన్నును గడ్డపారతో మెల్లగా ఎత్తి చూడుడు. ఇరుసు దూలమును ఎదుటనుండి కంటితో సూటిగా చూచినచో వంగినది తెలియును. ముందు టైర్లు ఒక అంచున మాత్రమే అరిగి యున్నచో అదియు వంకరకు గురుతు.

ఇంకొక ముఖ్యవిషయము. ఈ ట్రాక్టర్లకు కారు, లారీలకు వలె ప్రత్యేకమైన చట్రము లేదు. ఇంజను, క్లచ్చి పెట్టె, గేరు పెట్టె ఒకదానికొకటి బోల్టులతో బిగింపబడి అవియే వెన్నెముకగా నుండును. లోడరు చట్రము ముందుభాగమునకు మాత్రమే బిగింపబడినచో, బరువంతయు ఆ అతుకులను విరువజూచును. చట్రపు బాహువులు వెనుక ఇరుసు పెట్టెవరకు పోయి బిగిసి యున్నచో భారము పంచబడును. అతుకులవద్ద ఆయిలు కారుచున్నదేమో, బోల్టులు క్రొత్తవిగా మార్చబడినవేమో, పోత ఇనుముపై సన్నని చీలికలు గలవేమో, వెల్డింగు చేసి రంగు పూసిరేమో, మసిగుడ్డతో తుడిచి వెలుతురులో చూడుడు. అచ్చట చీలిక యున్నచో ఎంత చౌకయైనను ఆ బేరమును వదలుకొనుడు.

లోడరు

లోడరు కంపెనీచే చేయబడినదా, ఊరి వెల్డింగు షాపులో చేయబడినదా తెలిసికొనుడు. షాపులో చేసినదంతయు చెడ్డదని కాదు. కాని దానికి ఇంత బరువే ఎత్తవలయునను కొలత వ్రాసి యుండదు. రెండు బాహువులను ప్రక్కనుండి పోల్చి చూడుడు. ఒకటి వంగి యున్నచో బకెట్టు ఒక మూల క్రిందికి వ్రాలును. పిన్నులు, బుష్షులు ఎంత వదులైనవో బకెట్టు అంచు పట్టి ఊపి చూడుడు. సిలిండరు రాడ్లపై గీతలు, త్రుప్పు గుంటలు ఉన్నచో కొత్త సీళ్ళు వేసినను అవి నెలలోపల కోసికొనిపోవును.

పిమ్మట బకెట్టు నిండ తడిమట్టి నింపి, మీటరు ఎత్తున నిలిపి, ఇంజను ఆపి, ఎత్తును కఱ్ఱతో కొలిచి గురుతు పెట్టుడు. పది నిమిషములైన తరువాత మరల కొలువుడు. కొంచెము దిగుట పాత యంత్రమునకు సహజము. కన్నుల యెదుట దిగిపోవుచున్నచో సీళ్ళుగాని, వాల్వుగాని చెడినవి. ఈ పరీక్ష జరుగునప్పుడు ఎవ్వరును బకెట్టు క్రిందికి పోరాదు. పిల్లలను దూరముగా నుంచుడు.

హైడ్రాలికు గొట్టములలో సన్నని చిల్లు కలదేమో వ్రేలితో తడిమి చూడరాదు. ఆ చిల్లునుండి వచ్చు నూనె కంటికి కనబడనంత సన్నని ధారగా వెడలి చర్మమును చీల్చుకొని లోపలికి పోగలదు. గాయము సూదిపోటంతయే కనబడినను, వెంటనే శస్త్రవైద్యుని చూడనిచో చేయి తీసివేయవలసి రావచ్చును. అట్టముక్కను గొట్టము దగ్గర అడ్డముగా త్రిప్పి, దానిపై నూనె మరక పడునేమో చూడుట సురక్షితమైన పద్ధతి.

వెనుక లిఫ్టు, టైర్లు

లోడరును చూచి వెనుక లిఫ్టును మరువరాదు. బరువైన నాగలిని తగిలించి ఎత్తించి, ఇంజను నడుచుచుండగా అది అదరక నిలుచునేమో చూడుడు. పి.టి.ఓ. షాఫ్టును త్రిప్పించి చూడుడు. టైర్ల పండ్లనే గాక ప్రక్కగోడల పగుళ్ళను చూడుడు. ఎండలో నిలిచిన టైరు అరగకయే చెడును. వెనుక టైర్ల జత వెల బేరములో చిన్న మొత్తము కాదు.

కాగితములు

యంత్రము బాగుండి కాగితములు బాగులేనిచో కొన్నవాడు నష్టపడును. రిజిస్ట్రేషను పత్రములోని ఇంజను నంబరును, ఛాసిస్ నంబరును యంత్రముపై చెక్కిన అంకెలతో మీ కన్నులతో పోల్చుకొనుడు. వ్యవసాయపు ట్రాక్టరునకు మొదటి రిజిస్ట్రేషను 15 సంవత్సరములవరకు చెల్లును. ఆపై 5 సంవత్సరముల కొకసారి మార్పించుకొనవలయును. పాత ట్రాక్టరునకు ఈ గడువు దాటినదేమో చూడుడు. పత్రములో బ్యాంకు పేర తాకట్టు వ్రాయబడి యున్నచో, అప్పు తీరినదని నోటిమాట చెల్లదు; ఫారము 35ను, బ్యాంకు నిరభ్యంతర పత్రమును చేతికి వచ్చువరకు పూర్తి వెల చెల్లింపరాదు. పేరు మార్పునకు ఫారములు 29, 30 పైన అమ్మువాడు సంతకము చేయవలయును. అన్య రాష్ట్రపు బండియైనచో ఫారము 28 కూడ కావలయును.

అమ్ముకొను సభ్యులును ఒక మాట వినవలయును. బండి చేతులు మారినను రిజిస్ట్రేషనులో మీ పేరే యున్నచో, ప్రమాదము జరిగినప్పుడు నష్టపరిహారమునకు మీరే బాధ్యులని సుప్రీం కోర్టు 2018లో తీర్పు చెప్పినది. కావున స్నేహముకొఱకై పేరు మార్పును వాయిదా వేయకుడు. లోడరు అమరికను గూర్చి రవాణా శాఖవారిని, భీమా కంపెనీవారిని ముందుగా అడుగుడు. వ్యవసాయమునకు మాత్రమే భీమా చేసిన బండిని కిరాయికి త్రిప్పినచో, ఆపద వేళ భీమా అక్కరకు రాకపోవచ్చును.

వెల కట్టుట

ఒక కాగితముపై పైన చెప్పిన లోపములన్నియు వరుసగా వ్రాసి, ఒక్కొక్కదానికి మేస్త్రీ చెప్పిన ఖర్చు నెదుట వేయుడు. లెక్క తెలియుటకు కొన్ని అంకెలు అనుకొందము. అమ్మువాడు అడిగిన వెల 3,50,000 రూపాయలు. మరమ్మతులకు 90,000 రూపాయలు. అప్పుడు మీకు పడు వెల 4,40,000 రూపాయలు. ఇంత సొమ్మును నూటికి 12 వడ్డీకి తెచ్చినచో ఏటికి వడ్డీయే 52,800 రూపాయలు. ఏటికి ముప్పది దినములు మాత్రమే లోడరుతో పని యున్నచో, దినమునకు 1,760 రూపాయలు డీసెలు పోయకముందే వడ్డీకి పోవుచున్నవి. అంతకు కిరాయిబండి ఏమి చేయునో పోల్చి చూచుకొనుడు. ఒకనికి భారమైనది పదిమందికి భారము కాకపోవచ్చును; ఒకే ఊరి సభ్యులు కొందఱు కలసి, వంతుల నియమములను, మరమ్మతు నిధిని ముందుగా వ్రాసికొని, ఉమ్మడిగా కొనుట సహకార ధర్మమునకు తగిన మార్గము.

కొన్న తరువాత

లోడరుతో పనిచేయునప్పుడు వెనుక లిఫ్టునకు బరువు తగిలింపక బండి నడుపరాదు. మొదట చెప్పిన ఉదాహరణములోనే, వెనుక ఇరుసునకు 0.9 మీటరు వెనుకగా 400 కిలోల దిమ్మ వ్రేలాడదీసినచో, ముందు ఇరుసుపై 190 కిలోల భారము తగ్గి, వెనుక చక్రములపై 590 కిలోల బరువు చేరును. వెనుక టైర్లలో నీరు నింపుటయు పట్టు నిచ్చును గాని ముందు ఇరుసు భారమును తగ్గింపదు. ఏలయన ఆ నీటి బరువు వెనుక ఇరుసు మీదనే నిలుచును. నిండిన బకెట్టును నేలకు దగ్గరగా నుంచి మెల్లగా నడుపవలయును. పైకెత్తి మలుపు తిరుగుట, గట్టు వాలున అడ్డముగా పోవుట ట్రాక్టరు తిరుగబడుటకు కారణములు. బకెట్టులో మనుష్యుని నిలిపి కొబ్బరికాయలు, మామిడికాయలు కోయించుట ఎంతమాత్రము కూడదు. పాత ట్రాక్టర్లకు డ్రైవరును కాపాడు ఇనుప కమాను సాధారణముగా నుండదు. తగినది దొరకినచో పెట్టించి, సీటు బెల్టును కూడ అమర్చుకొనుడు.

ఎద్దు చెడినచో రైతునకు ఒక పంట నష్టము. అప్పుతెచ్చి కొన్న యంత్రము చెడినచో అది కొన్ని పంటలను మ్రింగును. కావున కొనుటకు తొందరపడక, నమ్మదగిన మేస్త్రీని వెంటబెట్టుకొని పోయి, ఒక పూట ఓపికతో పరీక్షింపుడు. అమ్మువాడు పరీక్షకు సమ్మతింపనిచో, ఆ బండిలోని లోపమును అతడే మీకు చెప్పినట్లు భావించి, నమస్కరించి ఇంటికి రావలయును.